రాజేశం రాసిన పేరు

పటాన్‌చెరు మార్కెట్ రోడ్డులో ఎంపీ గారి ఆఫీసు మెట్లెక్కితే ఎడమ పక్క కిటికీ కింద ఒక బల్ల కనబడుతుంది. ఆ బల్ల వెనక తొమ్మిదేళ్లుగా కూర్చుంటున్న మనిషి రాజేశం. వయసు యాభై తొమ్మిది. తండ్రి కాలం నుంచి కందులూ పెసలూ జొన్నలూ కొని అమ్మే దుకాణం ఉండేది. ఊరు పెరిగి, అద్దాల షాపులు వచ్చి, దుకాణం మూతపడింది. చేతిరాత మాత్రం మూతపడలేదు. గుండ్రటి అక్షరం, ఎవరు చదివినా ఎక్కడా తడబడరు. ఆ రాత చూసే ఎంపీ సారు పిలిచి అర్జీలు రాసే పనిలో కూర్చోబెట్టారు.

సోమవారం సోమవారం జనం వస్తారు. పింఛను ఆగిందని ఒకరు, కాలవలో నురగ వస్తోందని ఒకరు, అల్లుడు తాగుతున్నాడని ఇంకొకరు. అల్లుడి తాగుడు పార్లమెంటు పరిధిలోకి రాదని చెప్పినా వినరు, రాయమంటారు. రాజేశం రాస్తాడు. రాసిన ప్రతి అర్జీనీ మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా గొంతెత్తి చదివి వినిపించి, అప్పుడే సంతకమో వేలిముద్రో తీసుకుంటాడు. వినిపించకుండా సంతకం తీసుకోవడమంటే తూకం చూపించకుండా సరుకు పొట్లం కట్టడమేనని ఆయన పట్టుదల. ఈ ఒక్క విషయంలో ఎవరు తొందరపెట్టినా వినడు.

ఇది సోమవారం పని. పార్లమెంటు నడిచే రోజుల్లో ఇంకో పని ఉంటుంది. కొందరు సభ్యులు ఐదేళ్లలో నోరు తెరిచేది ప్రమాణం చేసిన రోజే. మన సారు అలాంటి మనిషి కాదు. పత్తి ధర మీద మాట్లాడతారు, రైలు గేటు మీద మాట్లాడతారు, వీధి కుక్కల మీద, పిల్లల సెల్‌ఫోన్ పిచ్చి మీద, నకిలీ విత్తనాల మీద, సముద్రమే లేని నియోజకవర్గం నుంచి వెళ్లి చేపల వేట మీద కూడా ఒకసారి నాలుగు నిమిషాలు మాట్లాడి వచ్చారు. దేని మీద మాట్లాడినా సారుకి ఒక పద్ధతి ఉంది. ఆ ప్రసంగంలో మన ప్రాంతం మనిషి ఒకరు ఉండాలి. ఊరూ పేరూ ఉన్న మనిషి.

"పేరు లేకుంటే గాలి మాటయితది రాజేశం," అంటారాయన. "మంత్రి ఇటు చెవుల విని అటు చెవుల ఇడుస్తడు."

ఆ ఊర్లూ పేర్లూ అందించేది రాజేశమే. అర్జీల్లోంచి ఏరి, చీటీ రాసి, ఢిల్లీలో సారు దగ్గర పనిచేసే సుధీర్‌కి పంపుతాడు. సుధీర్ దాన్ని ఇంగ్లీషు చేసి ప్రసంగంలో ఇరికిస్తాడు. ఆ రోజు ఆఫీసు టీవీలో సారు నోట తన చీటీలోని ఊరి పేరు వినబడితే రాజేశం కుర్చీలోంచి లేచి నిలబడతాడు. సాయంత్రం ఇంటికి పోయి చెప్పులు విడవకముందే, "ఇయ్యాల నా ముచ్చట పడ్డది," అంటాడు.

"ముచ్చట నీదా, వాళ్లదా?" అంటుంది భార్య ప్రభావతి. ఆమె మాటలో వెటకారం ఉందో లేదో ఆయన ఎప్పుడూ పట్టించుకోలేదు.

గడిచిన రెండు సమావేశాల్లో మాత్రం రాజేశం ముచ్చట ఒక్కటీ పడలేదు. సుధీర్‌కి కావలసినవి ఇంటర్నెట్‌లోనే దొరుకుతున్నాయి. రాజేశానికి లోపల ముల్లు గుచ్చుకున్నట్టే ఉంది. ఇదంతా ఎందుకు చెప్పాల్సి వస్తోందంటే, తర్వాత ఆయన చేసిన పని పొరపాటున జరిగింది కాదు.

జూన్‌లో ఒక సోమవారం లక్డారం నుంచి నర్సింహమ్మ వచ్చింది. రెండెకరాల రైతు కుటుంబం. పొలం భర్త యాదగిరి చూసుకుంటాడు, ఆమె బొల్లారంలో ఒక మందుల కంపెనీకి కాంట్రాక్టర్ కింద పనికి పోతుంది. రసాయనాలు వచ్చిన డ్రమ్ములు కడిగే పని. చిన్నప్పుడు తల్లి వెంట కందుల మూట తీసుకుని రాజేశం వాళ్ల దుకాణానికి వచ్చేది. అందుకే ఇప్పటికీ ఆయన ఆమెకు సేటే.

"సేటూ, చేతులు సూడు," అని రెండరచేతులూ బల్ల మీద పరిచింది. తోలు పొరలు పొరలుగా లేచి, కింద ఎర్రటి మాంసం మెరుస్తోంది. "అన్నం కలుపుకుంటే మంట. నీళ్లల్ల పెడితే మంట."

"గ్లౌజులు ఇయ్యరా?"

"ఇయ్యకేం. ఆఫీసర్లు చెకింగ్‌కు వచ్చిన నాడు ఇస్తరు. వాళ్ల కారు గేటు దాటంగనే వాపస్ తీస్కొని బీరువల పెడ్తరు. పద్నాలుగు మంది ఆడోళ్లం ఉన్నం. నేను జెర మాట్లాడేదాన్నని నన్ను నీ కాడికి తోలిండ్రు." ఆమె గొంతు తగ్గించింది. "కని సేటూ, నా పేరు రాయకు. పొద్దుగాల కంపెనీ బస్సు కాడ కాంట్రాక్టర్ మనిషి లిస్టు పట్టుకొని పేర్లు పిలుస్తడు. నా పేరు పిలవకుంటే నా పని అయిపాయె."

"సారు పేరు లేకుంటే గాలి మాట అంటడు," అన్నాడు రాజేశం. "అయినా సరే, రాయ. మాట ఇస్తున్న."

పేరూ వేలిముద్రా లేకుండానే అర్జీ రాశాడు. చదివి వినిపించాడు. ఆమె దండం పెట్టి వెళ్లింది. ఆ సంగతే పేరు లేకుండా చీటీ రాసి సుధీర్‌కి పంపాడు.

జూలై చివరలో సుధీర్ ఫోన్ చేశాడు. "అంకుల్, రేపు కార్మికుల భద్రత మీద చర్చ. మీ గ్లౌజుల చీటీ మస్తుంది. కని మనిషి పేరు లేదు కదా, సార్ చదవడు. వేరే రాష్ట్రంది ఒకటి నెట్‌ల దొరికింది, అదే పెట్టేస్తున్న."

రాజేశం ఫోన్ చెవిన పెట్టుకుని కిటికీలోంచి రోడ్డు చూశాడు. ఢిల్లీ ఎక్కడ, బొల్లారం ఎక్కడ అనుకున్నాడు. ఇంగ్లీషులో చెప్పేది కాంట్రాక్టర్‌కి ఏం అర్థమవుతుందిలే అనుకున్నాడు. ఆ రెండు అబద్ధాలూ తనకు తాను చెప్పుకోవడానికి ఎంతోసేపు పట్టలేదు.

"పేరుంది," అన్నాడు. "నర్సింహమ్మ. లక్డారం."

"ఆమెకు ఓకేనా అంకుల్?"

"ఆ. ఓకే."

మర్నాడు సారు అద్భుతంగా మాట్లాడారు. బీరువాలో గ్లౌజుల సంగతి చెప్పినప్పుడు ఎదురు బెంచీల వాళ్లు కూడా తలెత్తి చూశారు. మంత్రి గారు పరిశీలిస్తామన్నారు. ప్రసంగమంతా ఇంగ్లీషే అయినా నర్సింహమ్మ అన్న పేరు ఏ భాషలోనైనా నర్సింహమ్మే. సాయంత్రానికల్లా ఆ వీడియో ముక్క కింద తెలుగు అక్షరాలు పడి ఫోన్లలో తిరగడం మొదలైంది. తిప్పినవాళ్లలో రాజేశం కూడా ఉన్నాడు. తన చేత్తో మూడు గ్రూపుల్లో పెట్టాడు.

ఇంటికి పోయి ప్రభావతికి చూపించాడు. ఆమె రెండుసార్లు చూసింది. "ఆమె పేరు చెప్పుమన్నదా?" అని అడిగింది.

"అనకపోతే చెప్తనా?" అన్నాడు. ఆమె ఫోన్ ఆయన చేతిలో పెట్టి వంటింట్లోకి వెళ్లింది.

ఐదో రోజు లక్డారం నుంచి తోటకూర తెచ్చే ఆమె గుమ్మంలో కూర్చుని ప్రభావతితో చెబుతుంటే లోపలి గదిలో ఉన్న రాజేశానికి వినబడింది. నర్సింహమ్మను బస్సు ఎక్కనియ్యలేదట. లిస్టంతా చదివి, ఆమె వైపు చూడకుండానే తలుపు వేశారట. మర్నాడూ అంతే. మిగిలిన పదమూడు మందికీ కొత్త గ్లౌజులు ఇచ్చారట, రోజూ వేసుకోమన్నారట.

ప్రభావతి లోపలికి వచ్చి కూర కట్ట కింద పెట్టి ఆయన ముఖంలోకి చూసింది. తిట్టినా బాగుండేది. లక్డారం వెళ్లి చెప్పేద్దామని బండి తాళం తీసుకుని వీధిలోకి వెళ్లాడు, బండి తుడిచి మళ్లీ లోపలికి వచ్చాడు. రెండో రోజూ బండి తుడిచాడు. తొమ్మిదేళ్లలో ఆ బండి అంత శుభ్రంగా ఎన్నడూ లేదు. ఆయనకు సిగ్గేసింది, భయం కూడా వేసింది. సారుకి తెలిస్తే ఏమంటారోనన్న భయం ఒకటి, ఇంత జరిగాక కూడా తన బల్ల గురించే భయపడుతున్నానే అన్న సిగ్గు ఒకటి.

సోమవారం నర్సింహమ్మే వచ్చింది. వరసలో ఏడో మనిషి. రాజేశం ఆ రోజు ముందున్న ఆరుగురికీ రాసినంత వివరంగా ఎన్నడూ ఎవరికీ రాయలేదు. వీధి దీపం వెలగడం లేదన్న అర్జీ రెండు పేజీలు వచ్చింది. ఎంత సాగదీసినా ఆరు తర్వాత ఏడే కదా, ఆమె వచ్చి ఎదుట కూర్చుంది.

"సేటూ, సారుకు ఒక కాయితం రాయాలె. ఢిల్లీల ఎవలో నా పేరు బయట పెట్టిండ్రు. ఎవలు పెట్టిండ్రో అడగాలె, నా పని నాకు ఇప్పియ్యమనాలె." కొంగుతో ముఖం తుడుచుకుంది. "ఊర్ల అందరు నీ మీదనే అనుమానపడ్తున్నరు. నేను ఊకోలే. సేటు మాట ఇచ్చిండు, ఆయన చెప్పడు అని కొట్లాడిన."

రాజేశం నోరు తెరిచాడు. "ఢిల్లీ వాళ్లు గట్లనే..." అన్నాడు. కాగితం ముందుకు లాక్కుని రాయడం మొదలుపెట్టాడు.

డ్రమ్ముల పని రాశాడు, బస్సు సంగతి రాశాడు, పేరు చెప్పవద్దని ముందే చెప్పినట్టు రాశాడు. ఆపైన చెయ్యి ఆగింది. కాసేపటికి ఇంకొక వాక్యం రాసి కలం మూత పెట్టాడు.

ఇక చదివి వినిపించాలి. నర్సింహమ్మకు చదువు రాదు. ఆ ఒక్క వాక్యం వదిలేసి కింది దానికి వెళ్లిపోయినా ఆమెకు తెలియదు. అలా చేయవచ్చన్న ఆలోచన ఆయనకు వచ్చింది కూడా. తండ్రి తక్కెడ ముందు కూర్చున్న రోజుల నుంచీ తూకం దాచడం ఎరగని తనకు ఆ ఆలోచన రావడమే ఆయనకు అన్నిటికన్నా ఎక్కువ బాధ కలిగించింది. మొదటి నుంచి చదివాడు. ఆ వాక్యం దగ్గరికి వచ్చాడు.

"నా పేరు బయటపెట్టింది ఢిల్లీ ఆఫీసు వారు కాదు. మాట ఇచ్చి కూడా, ఇక్కడ అర్జీలు రాసే మనిషే ఫోన్‌లో చెప్పాడు."

నర్సింహమ్మ కాగితం మీదికి వంగింది. "అర్జీలు రాసే మనిషంటే?"

"నేనే, నర్సింహమ్మా."

"ఎందుకు చెప్పినవ్?"

చెప్పడానికి ఆయన దగ్గర పెద్ద కారణమేదీ లేదు. "నా చీటీ సభల పడాలని," అన్నాడు. "తప్పయింది. నా తప్పే."

వెనక వరసలో ఉన్నవాళ్లు మాటలు ఆపి చూస్తున్నారు. "ఊరోళ్లతోని ఉత్తగనే కొట్లాడిన," అంది నర్సింహమ్మ. తర్వాత కాగితం వైపు వేలు చూపింది. "ఆ మాట మల్ల సదువు."

మళ్లీ చదివాడు.

"పేరేది?"

"ఎవరి పేరు?"

"నీది. నా పేరు చెప్పినవ్, నా ఊరు చెప్పినవ్. నీది మాత్రం రాసే మనిషి అని ఇడిసిపెడ్తవా? పేరు లేకుంటే గాలి మాట అంటివి గద."

రాజేశం కలం మూత తీశాడు. ఆ వాక్యం పైన కొంచెం జాగా ఉంది. అందులో 'రాజేశం, పటాన్‌చెరు' అని రాసి, మొత్తం మొదటి నుంచి మూడోసారి చదివాడు. గొంతు రెండుచోట్ల తడబడింది. అయినా ఒక్క అక్షరం వదలలేదు.

సిరా డబ్బా జరిపాడు. తోలు లేచిన ఆమె బొటనవేలు పట్టుకుని మెత్తగా అద్ది, కాగితం మీద ఆనించి తీశాడు. నీలం మరక పడింది, గీత ఒక్కటీ పడలేదు. తుడిచి ఇంకోసారి ఆనించాడు. మళ్లీ ఉత్త మరకే.

"అది పడదు," అంది నర్సింహమ్మ వేలు వెనక్కి తీసుకుంటూ. "రేషన్ మిషన్ కాడ గూడ పడ్తలేదు. నీ పేరు పడ్డది గద, ఇగ సారుకు తోల్."

కొంగుకి వేలు తుడుచుకుని లేచి, సేటూ అనకుండానే మెట్లు దిగి వెళ్లిపోయింది.