మూసలో పడ్డ మెట్టెలు

నరసరావుపేటలో వెండి నాణేలు అచ్చు కొట్టే షెడ్డులో నేను ఆడవాళ్ళ మీద సూపర్‌వైజర్‌ని. నగల కొట్లవాళ్ళు అమ్ముకునే లక్ష్మీదేవి బొమ్మ నాణేలు. సూపర్‌వైజర్ అంటే ఏదో అనుకునేరు! సాయంత్రం అందరి జడలు విప్పించి దులిపించడం, గుమ్మం పక్క తొట్టిలో కాళ్ళు కడిగించడం. ఆ తొట్టి అడుగున చేరే వెండి పొడి కూడా యజమానిదే. అందుకే మేం వట్టి కాళ్ళతో తిరగాలి. ఆయన మాత్రం బూట్లతో తిరిగేవాడు. ఆయన పాదాలు అంత పవిత్రం మరి.

లోపలికి వెండి తేకూడదు కాబట్టి మెట్టెలు కూడా తీయమన్నారు. మొగుడు బతికుండగా మెట్టెలు తీస్తారా ఎవరైనా? గొడవ పెట్టుకున్నాం. పని కావాలి, తీశాం. నకరికల్లు నుంచి ఆటోలో వచ్చే కొత్త కోడలైతే ఏడ్చేసింది.

"మా అత్తకు తెలిస్తే గడప తొక్కనీదక్కా."

రోజూ తీసి, గుమ్మం దగ్గర నా బల్ల మీదుండే టిఫిన్ గిన్నె మూతలో పెట్టేది. వెళ్ళేటప్పుడు గోడ పట్టుకుని తొడుక్కునేది. పెళ్ళినాటి మెట్టెలవి. ఇంట్లో తెలియకుండా అలా నెట్టుకొచ్చింది.

ఒక సాయంత్రం ఆమె ప్రెస్సు దగ్గర ఒక బిళ్ళ తక్కువొచ్చింది. బిళ్ళంటే ఇంకా బొమ్మ పడని నాణెం. జడ విప్పించారు, నోరు తెరిపించారు, చీర దులిపించారు. ఏమీ లేదు.

"ఏమే, యాడ దాచావే?" అన్నాడు యజమాని.

"దేవుడి తోడు సార్, నాకు తెలవదు."

ఆయన ఇంకేమీ అడగలేదు. నా బల్ల మీది మూతలోంచి మెట్టెలు తీసుకుని, నేరుగా కొలిమి దగ్గరికెళ్ళి, వెండి కరుగుతున్న మూసలో పడేశాడు.

"ఏందయ్యా ఈ పని! ఆ పిల్ల కాపురం గదయ్యా అది!" అని అరిచాను.

"తూకం సరిపోవాలి గదమ్మా" అన్నాడు చేతులు దులుపుకుంటూ.

ఆమె అక్కడే కూలబడింది. ఆయన తన గదికి నడుస్తుంటే మాచర్ల నాపరాళ్ళ మీద టక్కుటక్కుమని చప్పుడు. రబ్బరు బూటు అలా మోగదే!

"కాలెత్తండి సార్" అన్నాను.

బూటు అడుగు గాడిలో ఇరుక్కుని బిళ్ళ మెరుస్తోంది.

సిగ్గుపడతాడనుకున్నాను, నా పిచ్చి గానీ. పెకలించి ట్రేలో వేసి, "దొరికింది గదా, ఇంక పొండి" అన్నాడు.

"నా మెట్టెలు సార్?" అంది ఆ పిల్ల.

"కరిగిపోయినయ్యి యాడనుంచి తెచ్చేది? కొట్లో చానా ఉంటయ్యి, కొనుక్కో."

నాకు ఒళ్ళు మండిపోయింది. "నీ చేతులు పడిపోను!" అన్నాను. రేపటి నుంచి రావద్దన్నాడు. రాను పో అన్నాను. నా కసి తీరింది గానీ ఆ పిల్లకేం ఒరిగింది?

ఆమె అలవాటుగా తొట్టిలో కాళ్ళు కడుక్కుంది. మెట్టెలున్న చోట తెల్లటి చారలు. బయట ఆటోవాడు హారన్ కొడుతున్నాడు.

"మా అత్తకు ఏం జెప్పాలక్కా?"

ఆమె చీర కుచ్చిళ్ళు కిందికి లాక్కుంటూ ఆటో ఎక్కింది. అప్పటికే అందులో కూర్చున్న వాళ్ళ ఊరి ఆడవాళ్ళిద్దరు ఆమె కాళ్ళ వైపే చూస్తున్నారు.