గోడకు గుచ్చిన రేకు బిళ్ళ

ఆ సాయంత్రం ఆమె చేసిన చివరి పని చేతులు కడుక్కోవడం. పరిశోధన మానేసి చాలా ఏళ్లయినా, టీ గ్లాసు ముట్టుకునే ముందు మోచేతుల దాకా సబ్బు రాసుకుని, గోళ్ల సందులు బ్రష్షుతో తోముకునేది.

"ఆ చేతులు అరిగిపోయాక గానీ ఆపవా అమ్మా? టీ చల్లారిపోతోంది," అంది కూతురు.

"అరిగిందేదో అరిగింది. మిగిలిందైనా శుభ్రంగా ఉండనీవే," అంటూ కుర్చీలో కూలబడింది. కూతురు గ్లాసు అందించేసరికి అందుకోవడానికి ఆమె లేదు.

పరిశోధనాలయంలో ఆమెను అందరూ మట్టి మేడమ్ అనేవారు. రేడియోధార్మికత మీద పనిచేయడానికి అక్కడ అడుగుపెట్టిన మొదటి ఆడమనిషి. గనుల నుంచి వచ్చిన నల్లమట్టిని ఆమ్లంలో కాచి, వడగట్టి, ఆరబెట్టి, బస్తాకు చిటికెడు మిగిలే పొడిని మీటరు ముందు పెట్టి కూర్చునేది. జీవితమంతా అదే పని.

"ఇంట్లో వంట తప్పించుకుని ఇక్కడ పొయ్యి పెట్టింది," అని తోటివాళ్లు నవ్వేవారు.

"వంటకు వంకలు పెట్టడం మీకు అలవాటేగా. వచ్చి నా కొలతలకు పెట్టండి, చూద్దాం," అనేది. ఎవరూ పెట్టలేకపోయారు. పోనుపోను తమ కొలతలు సరిచూడమని వాళ్లే ఆమె బల్ల దగ్గరకు వచ్చేవారు.

ఇంటికి మాత్రం బస్తా మోస్తున్నట్టు వంగి వచ్చేది. గుమ్మంలో పిల్ల ఎదురు పరిగెత్తితే, "ఆగు! అక్కడే ఆగు!" అని చెయ్యి అడ్డం పెట్టేది. స్నానం చేసి వచ్చాక కూడా దూరంగా కూర్చుని, "ఏం తిన్నావే?" అని అడిగేది, అంతే. పిల్ల మంచం పక్కన గోడకు ఒక రేకు బిళ్ళ గుచ్చి ఉండేది. నెలకోసారి వచ్చి దాన్ని మార్చి వెళ్లేది. దోమల కోసమేమో అనుకునేది పిల్ల.

"మీ అమ్మ కన్నది నిన్ను కాదే, ఆ మట్టిని," అని అమ్మమ్మ వేళాకోళమాడేది. ఆ మాట పిల్ల మనసులో ముల్లులా దిగి అలాగే ఉండిపోయింది.

పెద్దయ్యాక ఒకసారి అడిగేసింది. "నన్నెప్పుడైనా ఎత్తుకున్నావా అమ్మా?"

"నాకేమో నడుంనొప్పి. నువ్వేమో గుమ్మడికాయలా ఉండేదానివి," అని తల్లి నవ్వేసింది. కూతురికి నవ్వు రాలేదు. చివరి రోజుల్లో మొద్దుబారిన ఆ వేళ్లకు నూనె రాస్తూ, తల దువ్వుతూ, అలసిపోయి, మళ్లీ అడగలేకపోయింది.

అందరూ పరామర్శించి వెళ్లాక ఒక ముసలాయన వచ్చాడు. పరిశోధనాలయంలో ఫిల్ములు కడిగేవాడినని చెప్పుకున్నాడు.

"మా అందరికీ చొక్కాకు ఒక రేకు బిళ్ళ ఉండేదమ్మా. లోపల ఫిల్ము. కంటికి కనపడని కిరణాలు సోకితే నల్లబడుతుంది. నెలనెలా నేనే కడిగి చూసేవాణ్ణి. అమ్మగారిది మసిబొగ్గే. ఆవిడ నా ప్రాణం తీసి ఇంకోటి కూడా పట్టుకెళ్లేవారు."

"ఇంకోటి ఎందుకండీ?"

"'మా పిల్ల మంచం దగ్గర పెడతాను. ఒంటిమీద నేనేమైనా మోసుకెళ్తుంటే తెలుస్తుంది' అనేవారు."

"అది... నల్లబడిందా?"

"ఒక్కసారి కూడా లేదమ్మా. గాజుముక్కలా తేటగా వచ్చేది. ఇంక నిశ్చింతగా పిల్లను ఎత్తుకోండి అనేవాణ్ణి. వెలుతురుకేసి పెట్టి అటూ ఇటూ తిప్పి చూసి, 'వచ్చే నెలది కూడా చూద్దాం లెండి' అనేవారు."