నాకు రావాల్సిన సారీ కాదు అది

అయినా నాకెందుకు సారీ చెప్తున్నారు? నేనడిగానా? పొద్దున్నుంచీ మా సెకండరీ స్కూల్ క్లాస్ గ్రూప్‌లో ఒకటే మెసేజ్‌లు. మా పాత మానిటర్ మొదలుపెట్టాడు. "క్లాస్‌లో ఉన్న ఇద్దరు ఇండియన్ అమ్మాయిల్నీ రేసిస్ట్‌గా ఏడిపించాం. మలర్‌కీ నీకూ సారీ" అని. కింద చైనీస్ ఫ్రెండ్స్ అందరూ వరసగా సారీలు. ఒళ్ళు మండిపోయింది. వాళ్ళ మీద కాదు. తొమ్మిదేళ్ళుగా ఒక విషయం మోస్తున్నా. ఇంట్లో కూడా తెలీదు. మీకు నా పేరు తెలీదు కాబట్టి చెప్తున్నా.

ఏడిపించిన మాట నిజమే. మా లంచ్ బాక్సులు తెరిస్తే ముక్కులు మూసుకునేవాళ్ళు. మలర్, నేను పక్కపక్కనే కూర్చునేవాళ్ళం, ఇద్దరం ట్రైన్‌లో యూ టీ స్టేషన్‌లోనే దిగేవాళ్ళం. తను తమిళమ్మాయి, నల్లగా ఉండేది. నన్నేమో మా తెలుగు ఆంటీలు గడ్డం పట్టుకుని "పిల్లది మంచి రంగు" అనేవాళ్ళు. మరి రంగులు లెక్కపెట్టడం నాకు నేర్పింది చైనీస్ వాళ్ళేనా?

క్లాస్ ఫోటో రోజు. అందరం నిలబడ్డాం. నేనే అరిచాను.

"అంకుల్, ఫ్లాష్ వేయండి! లేకపోతే మలర్ పళ్ళు తప్ప ఏం కనబడవు!"

క్లాసంతా పగలబడి నవ్వింది. వెనక నుంచి ఒకడు, "ఇండియనే అంది కదా, సో ఓకే లా!" అన్నాడు, ఇక్కడ అందరూ మాట చివర తగిలించే ఆ 'లా'తో సహా.

అంతే. స్కూల్ అయిపోయేదాకా తన పేరు ఫ్లాష్. నా జోలికి మాత్రం మళ్ళీ ఎవరూ రాలేదు. నోరు జారాను అని నాకు నేను ఎన్నిసార్లు చెప్పుకున్నానో. జారలేదు. ఆ పొద్దున ట్రైన్‌లో తన పక్కనే కూర్చుని, ఆ జోక్ మనసులో రెండుసార్లు అనుకుని చూసుకున్నా. ఎవరైనా అలా చేస్తారా? నేను చేశాను.

ఇంటికెళ్ళేటప్పుడు అడిగింది.

"వాళ్ళంటే వాళ్ళు. నువ్వెందుకన్నావ్?"

"జోక్ లా. ఇంత సెన్సిటివ్ అయితే ఎలా?"

ఫోన్‌లోంచి తల కూడా ఎత్తలేదు నేను. తను లేచి వేరే పెట్టెలోకి వెళ్ళిపోయింది.

ఇవాళ ఆ సారీలన్నిటికీ నేనేం రిప్లై పెట్టానో తెలుసా? "ఇట్స్ ఓకే గైస్, చిన్నపిల్లలం కదా." హార్ట్‌ల మీద హార్ట్‌లు. తన తరఫున కూడా నేనే క్షమించేశాను! రెండు నిమిషాల్లో మలర్ గ్రూప్ వదిలేసింది. "తనకేమైంది?" అని ఎవరో అడిగారు. "తెలీదు" అన్నాను. మళ్ళీ అబద్ధం.

మధ్యాహ్నం దాకా ఆగలేకపోయా. ఆ పేరు రావడానికి కారణం నేనే అని గ్రూప్‌లో రాశాను. మలర్‌కి విడిగా పంపాను. చదివింది. చెప్పేశాక నాకు కాస్త ఊపిరాడుతోంది, అది కూడా నాకే.

గ్రూప్‌లో మాత్రం, "పాపం, నువ్వూ విక్టిమ్‌వే, వదిలెయ్ లా" అంటున్నారు. మీరూ అదే అంటారేమో. తప్పించుకోవడానికి నేనే తనని వాళ్ళ చేతికిచ్చాను అంటున్నా. కాదనగలరా?