మూడు గీతల చెయ్యి

2023 వానాకాలం. సారపాకలో ఒక కిరాయి గదిలో ఒక్కణ్ణే ఉంటూ పిల్లల పత్రికలకు రోబో హీరోల కామిక్స్ గీస్తుండేవాణ్ణి. బొమ్మలు పంపేది ఫోన్‌లోనే, మెచ్చుకున్నా మార్చమన్నా ఫోన్‌లోనే. మనిషితో మాట లేకుండ గడిచిన రోజులు చానా ఉన్నయి.

ఒక మధ్యాహ్నం, నేను బొమ్మలు గీస్తనని విని యేసుపాదం అన్న వచ్చిండు. భద్రాచలంలో బస్సు డ్రైవర్. ఆయన భార్య సునీత అంగన్‌వాడీ టీచర్. ఆ ఎండాకాలమే జ్వరమొచ్చి చనిపోయింది. అంగన్‌వాడీ పిల్లల కోసం ఆమె పెన్సిల్‌తో గీసిన బొమ్మ తెచ్చిండు. గోదారి వరదలో నడుముల్లోతున నిలబడ్డ రోబో, భుజాల మీద పిల్లలు, పైకెత్తిన కుడిచెయ్యి.

"నీట్‌గ చేసియ్యి తమ్మీ. అంగన్‌వాడీ గోడకు పెట్టాలె."

మా పనిలో దీన్ని క్లీనప్ అంటరు. పెన్సిల్ గీత మీద ఇంకు పట్టించి, ఆరినంక కింద పెన్సిల్ తుడిచేస్తం. దానికి ప్లాస్టిక్ ఎరేజర్ కావాలె, అది ఆనవాలు కూడ మిగలనియ్యదు. చేతిలోకి తీసుకొని బొమ్మ చూసిన. రోబో కుడిచెయ్యి మూడు తీర్ల ఉంది, ఒకదాని మీద ఒకటి.

"అన్నా, ఇందులో ఏది ఉంచాలె?"

కాగితం దగ్గరికి వంగిండు.

"అది నా చెయ్యే తమ్మీ. చెయ్యెత్తి నిలబడమన్నది సునీత. నొప్పి పుట్టి నేను దించేది. మళ్ల ఎత్తమనేది, మళ్ల గీసేది. 'గింతసేపు చెయ్యి ఎత్తలేవు, బస్సెట్ల నడుపుతవ్' అని ఒకటే నవ్వుడు."

నేను ఎరేజర్ పక్కకు పెట్టిన.

"తుడిస్తే పోతదా?" అన్నడు.

"అవ్ అన్నా. మళ్ల రాదు."

"అయితే వద్దు."

లైట్ బాక్స్ అంటే కింద వెలుగుండే పలక. దాని మీద ఆమె కాగితం పెట్టి, పైన తెల్లకాగితం పరిచి, రోబోకు ఒక్క కుడిచెయ్యే ఉంచి బొమ్మ దించిన. గోడకు అది. ఆమె కాగితానికి నీడెడ్ ఎరేజర్ వాడిన. పిండిముద్ద లెక్క మెత్తగ ఉంటది, రుద్దే పని లేదు, అద్దితే చాలు. అంచుల మీది మసి ఎత్తిన. గీతల జోలికి పోలే.

పని అయ్యేదాంక డ్యూటీ లేని పూటల్లో వచ్చి పక్కన కూసునేటోడు. మాట్లాడేది తక్కువ. అయినా గదిలో ఇంకో మనిషి ఊపిరి వినబడుతుంటే, ఈ పని జల్దీ అయిపోవద్దని అనిపించేది. అయిపోయింది. రెండు కాగితాలు తీసుకొని పోయిండు. మళ్ల రాలే. రావాల్సిన పని కూడ లేదు.

ఇప్పుడు ఎవరన్నా పాత బొమ్మ తెస్తే, ఏ ఎరేజర్ తియ్యాల్నో నేను ముందే అనుకోను. కుర్చీ వేసి కూసోమంట. ఏ గీత ఎట్లొచ్చిందో వాళ్లు చెప్పేదాంక ఆగుత.