పటేలు లేని పటేలు ఫొటో

శామీర్‌పేటలో విక్టర్ స్టూడియోకు వెళ్లేవాళ్లకు మేమిచ్చే సలహా ఒకటే: ఒంటిమీద పువ్వు లేకుండా చూసుకోండి. పువ్వు కనపడిందంటే విక్టర్‌కు ఇక మనిషి కనపడడు.

పోనీ, దూరం నుంచి తీస్తాడా? లెన్సు పువ్వు రేకుకు తగిలేదాకా పోతాడు. ఆ ఫొటో చూసి అది పువ్వో, చీర కుచ్చో, కోసిన బొప్పాయో తేల్చుకోలేక మేం పందేలు వేసుకునేవాళ్లం.

"గిదేంది విక్టరూ, మంట లెక్కున్నది?"

"మందారం అన్నా. లోపల."

"లోపలికెట్ల పోయినవ్ర?"

"సల్లగ పోయిన," అని నవ్వేవాడు.

పెళ్లిళ్లలో తలంబ్రాల వేళకు విక్టర్ ఏడీ అంటే, పెళ్లికూతురి జడ వెనక కనకాంబరాల్లో దొరికేవాడు.

తొంభై ఎనిమిదిలో రాజారావు పటేలు దూలపల్లిలో ప్లాట్లు వేశాడు. రిబ్బను కత్తిరించే ఫొటోలకు విక్టర్‌ను కుదిర్చింది నేనే. స్టూడియో పక్కన మెడికల్ షాపు నాది. పటేలు మెడలో చామంతుల దండ పడుతుందన్న సంగతి నాకు తట్టలేదు.

ఫొటోలు అందగానే పటేలు నా షాపు మీదికొచ్చాడు.

"ఇండ్ల నేనేడున్న, చక్రపాణీ?"

అటు తిప్పాను, ఇటు తిప్పాను. అంతా పసుపే.

"గీ పసుపు ఎనక ఉన్నరు, పటేలా."

"వాన్ని ఇయ్యాల ఇడిసిపెట్ట. నడువ్!"

స్టూడియోకు తాళం. చర్చి వెనక సందులో ఉన్న ఇంటికి పోయాం. విక్టర్ తలుపు తీయగానే పటేలు తిట్టు నోట్లోనే ఆగిపోయింది. గోడల నిండా పువ్వుల ఫొటోల రంగులు, ఒక్కో రేకు తలుపంత. మంచం మీద విక్టర్ అక్క మరియమ్మ కూర్చుని ఉంది.

ఒకప్పుడు ఆమె చామంతి తోట వేసేది. ఆదివారం చర్చిలో పువ్వులు పేర్చేదీ ఆమే. ఆ పుప్పొడే పడక ఉబ్బసం పట్టుకుంది. పువ్వన్నది గడప దాటి లోపలికి రావొద్దన్నాడు డాక్టరు. ఆమెకు మందులిచ్చేవాణ్ని కనుక అంతవరకు నాకు తెలుసు. ఈ గోడల సంగతే తెలియదు.

డాక్టరు మాట చెవిన వేయగానే పటేలు గొంతు తగ్గింది. "మరి గింత దగ్గరికి పోయి ఎందుకు తీస్తవ్ర?"

విక్టర్ తల గోక్కున్నాడు. "అక్క పువ్వును దూరంకెల్లి జూడదు, పటేలా. ముక్కుకాడ వెట్టుకుంటది. ఆడికెల్లి ఎట్ల కనవడ్తదో గట్ల తీస్తున్న."

మరియమ్మ చెయ్యి చాచి పటేలు చేతిలోని ఫొటో అందుకుంది. ముక్కుకు ఆనించుకుని గట్టిగా వాసన పీల్చింది.

"నా తోట చామంతే, తమ్మీ," అంది. ఆ వెంటనే ఇల్లదిరేలా తుమ్మింది.

నేను మందుకోసం కదిలాను. విక్టర్ మాత్రం ఎగిరి గంతేశాడు. "తుమ్మొచ్చిందంటే ఫొటో కరెక్టొచ్చినట్టే!"

ఆమె పడీపడీ నవ్వింది. పటేలూ నవ్వాపుకోలేకపోయాడు. ఆ ఫొటో ఆమె దగ్గరే వదిలేసి బయటికొచ్చి, చెప్పులు వేసుకుంటూ విక్టర్‌ను పిలిచాడు.

"రేపు మా తోటకు రా. లిల్లీలు పూసినయ్, ఫొటోలు తీసుకో."

గేటు దాకా పోయి మళ్లీ వెనక్కి తిరిగాడు.

"నేను అడ్డం రాను తియ్యి."