పూజ తర్వాత వేసిన దరఖాస్తు

2019 జులైలో నన్ను హనుమకొండలోని ఒక పేటెంట్ సహాయ కేంద్రానికి బాధ్యుడిగా వేశారు. ఇంజనీరింగ్ కళాశాల ఆవరణలో, పాత డ్రాయింగ్ హాలు పక్కన రెండు గదులు. హోదా ముఖ్య సాంకేతిక అధికారి. నా కింద ఎవరూ లేరు కనుక ముఖ్యుడిగా ఉండడంలో ఇబ్బంది కలగలేదు. అప్పటికే నేను రిజిస్టర్డ్ పేటెంట్ ఏజెంటుని. అంటే, కొత్త వస్తువు కనిపెట్టినవాడి తరఫున దరఖాస్తు రాసి, చెన్నైలోని పేటెంట్ కార్యాలయంతో ఉత్తరప్రత్యుత్తరాలు నడపడానికి పరీక్ష రాసి అర్హత పొందినవాడిని.

నాకు మరో పని కూడా ఉండేది. మా ఇల్లు మట్టెవాడలో. మా తాతగారు మొదలుపెట్టిన పారాయణ మండలిలో ఎనిమిదో ఏట కూర్చున్నాను, ఇప్పటికీ లేవలేదు. ప్రతి శనివారం సాయంత్రం పారాయణం, ఎవరి ఇంట్లోనైనా, దుకాణంలోనైనా శుభకార్యం ఉంటే పిలిచినచోటికి వెళ్లి అమ్మవారి నామాలు చదవడం. ఈ రెండు పనులూ ఒకదానికొకటి తగలవని నేను చాలాకాలం అనుకున్నాను.

ఆ సెప్టెంబరులో వర్ధన్నపేట నుంచి సమ్మయ్య వచ్చాడు. నలభై ఏళ్ల మనిషి. మోటారు వైండింగ్ షాపు నడుపుతాడు. సంచిలోంచి ఒక స్టార్టర్ డబ్బా తీసి నా బల్లమీద పెట్టాడు. పొలం మోటారును ఇంటి నుంచి ఫోన్ చేసి నడిపే స్టార్టర్లు అప్పటికే బజారంతా ఉన్నాయి, ఇందులో కొత్త ఏముందని అడిగాను.

“ఫోనుతోని మోటర్ వెట్టుడు అందరికి ఎర్కే సారూ. ఫోన్ జేసినా నడవకుంట జేసుడు నాది.”

సంగతి ఇది. అతని బావ ఎల్లయ్య ఒకరోజు మోటారు దగ్గర ఇరుక్కున్న చెత్త తీస్తున్నాడు. స్టార్టర్ డబ్బా తలుపు తెరిచి, బటన్ ఆపి, మోటారులో చెయ్యి పెట్టాడు. అదే సమయానికి ఇంట్లో అతని భార్య, కరెంటు వచ్చిందని చూసి, మడి పారుతుందని ఫోన్ కొట్టింది. రెండు వేళ్లు పోయాయి. ఆమె తప్పేమీ లేదు. ఫోనుకు మోటారు దగ్గర మనిషి ఉన్నాడో లేడో తెలియదు. సమ్మయ్య డబ్బాలో, తలుపు తెరవగానే ఒక ఇనుప మీట పక్కకు జరిగి స్విచ్చిని పడనివ్వకుండా అడ్డం నిలుస్తుంది. ఎవరు ఎన్నిసార్లు ఫోన్ చేసినా మోటారు కదలదు. పైగా ఫోన్ చేసినవారికి సమ్మయ్య భార్య గొంతుతో “మనిషి మోటర్ కాడ ఉన్నడు” అని వినిపిస్తుంది.

కాగితాలు తయారుచేయడం మొదలుపెట్టాను. పేటెంటు దరఖాస్తులో ప్రాణం క్లెయిముల్లో ఉంటుంది. క్లెయిము అంటే ఇంతవరకు నాది అని గీసే హద్దు. ఆ హద్దు నిలవాలంటే, దరఖాస్తు వేసే తేదీకి ముందు ఆ వస్తువు ఎక్కడా బహిరంగం కాకూడదు. చేసినవాడే చూపినా సరే, చూపినట్టే. కనుక దరఖాస్తు నంబరు వచ్చేదాకా ఎవరికీ చూపవద్దని సమ్మయ్యకు చెప్పాను. ఎవరికీ అంటే ఎవరెవరికి అని అడిగాడు. కంపెనీలవాళ్లకు, కొనేవాళ్లకు, పేపరువాళ్లకు, ప్రదర్శనల్లో అని జాబితా ఇచ్చాను.

“అమ్మవారికి?”

అమ్మవారికి చూపితే అభ్యంతరం లేదన్నాను. శాస్త్రరీత్యా ఆ జవాబు సరైనదే. చట్టరీత్యా అసంపూర్ణం.

దసరా ఉదయం సమ్మయ్య షాపులో ఆయుధ పూజకు నన్నే పిలిచాడు. పట్టుపంచె కట్టుకుని వెళ్లాను. రెంచీలు, వైండింగ్ మిషను, ట్రాలీ ఆటో అన్నీ కడిగి వరుసగా పెట్టారు. మధ్యన పీట మీద కొత్త స్టార్టరు, దానికి బంతిపూల దండ. చుట్టూ నలభైమంది దాకా ఉన్నారు. నేను నామాలు చదివాను. బొట్టు పెట్టే సమయానికి సమ్మయ్య తల్లి కొమురమ్మ ఆపింది.

“పైన వెడ్తే డబ్బకే అయితది పూజ. లోపలికి వెట్టు బిడ్డా.”

తలుపు తెరిచారు. తెరవగానే ఆ మీట ఏమిటని ఒకరు అడిగారు. సమ్మయ్య పక్కనున్న మోటారుకు తీగలు కలిపి, ఫోన్ తీసి చేసి చూపించాడు. మోటారు కదలలేదు. తలుపు మూసి మళ్లీ ఫోన్ చేశాడు. తిరిగింది. అందరూ చప్పట్లు కొట్టారు. నేను హారతి ఇచ్చాను.

అప్పుడు కొమురమ్మ అడిగింది. “మరి గాలికి తలుపు వడ్తెనో?”

“దానికింక ఆలోచన జెయ్యలేదే అవ్వా.”

“జెయ్యి మరి. బంగ్లాల ఉంటదారా అది, పొలంకాడ ఉంటది గాని. మీ బావకు గాలొచ్చిననాడైతే శెయ్యే వోతుండె.”

ఇది నా కళ్లముందు జరిగింది. ముప్పై రోజుల ముందు అతనికి నేనే ఇచ్చిన హెచ్చరిక నాకు గుర్తు రాలేదు. పీటమీద ఉన్నది నాకు పూజాద్రవ్యంగా కనిపించింది గాని ఆవిష్కరణగా కనిపించలేదు. పులిహోర తిని హనుమకొండ వచ్చేశాను.

తల్లి మాట పట్టుకుని సమ్మయ్య నెల తర్వాత డబ్బాలో ఇంకో భాగం చేర్చుకొచ్చాడు. తలుపు ఒకసారి తెరిస్తే మీట గట్టిగా తగులుకుని ఉండిపోతుంది. తలుపు దానంతట అది మూసుకున్నా వదలదు. డబ్బా బయట ఉన్న ఎర్రబొత్తాన్ని మనిషి తన చేత్తో నొక్కితేనే వదులుతుంది. బొమ్మలు మళ్లీ గీయించి, తలుపు మీటను మొదటి క్లెయిముగా, ఈ ఎర్రబొత్తాం అమరికను మూడో క్లెయిముగా రాసి, 2020 జనవరిలో దరఖాస్తు వేశాను.

దరఖాస్తు పద్దెనిమిది నెలల తర్వాత అధికారిక పత్రికలో ప్రచురితమవుతుంది. ఆ తర్వాత పేటెంటు ఇచ్చేలోగా దాన్ని ఎవరైనా వ్యతిరేకించవచ్చు. మా దాన్ని హైదరాబాదులో స్టార్టర్లు తయారుచేసే ఒక కంపెనీ వ్యతిరేకించింది. కాగితాల కట్టతోపాటు ఒక పెన్ డ్రైవ్ కూడా జతచేశారు. అందులో ఆయుధ పూజ వీడియో ఉంది. సమ్మయ్య షాపు పక్కనే విత్తనాల దుకాణం నడిపే సదానందం దాన్ని మొదటి నుంచి చివరిదాకా తీసి, “మన సమ్మన్న చేసిన కొత్త స్టార్టర్” అని పేరు పెట్టి, ఆ సాయంత్రమే ఇంటర్నెట్లో ఎక్కించాడు. ప్రేమతో చేసిన పని. వీడియో నలభై నిమిషాలు. అందులో ముప్పై నిమిషాలు నా గొంతే.

ప్రభుత్వం ప్రత్యేకంగా ప్రకటించిన ప్రదర్శనల్లో వస్తువును చూపితే చట్టం కొంత మినహాయింపు ఇస్తుంది. ఆయుధ పూజ ఆ జాబితాలో లేదు.

సమ్మయ్యను పిలిచి వీడియో చూపించాను. చివరిదాకా చూసి అన్నాడు: “ఎవ్వలకు సూపెట్టకుమని నాకు జెప్పి, మీరే ముందల గూసుండి సదివితిరి గద సారూ!”

తప్పు నాదేనని ఒప్పుకున్నాను.

“మీరు ఒప్పుకుంటే పేటెంట్ వస్తదా?”

రాదన్నాను. ఆ కంపెనీ డబ్బా రేపు బజార్లోకి వస్తే, అది తన బావ వేళ్ల మీద పుట్టిన ఆలోచన అని చెప్పుకోవడానికి తన దగ్గర కాగితం ముక్క కూడా ఉండదని అతనికి అర్థమైంది. డబ్బాను సంచిలో పెట్టుకుని, తీసి, మళ్లీ పెట్టుకున్నాడు.

హైదరాబాదులో నాతోపాటు పరీక్ష పాసైన ఏజెంటు మిత్రుడు ఉన్నాడు. సలహా అడిగాను. “అన్నా, అది ఇంటి పూజ. వచ్చినోళ్లంత చుట్టాలే. బయట ఎవ్వరికి చెప్పం అని ముందే మాటిచ్చిండ్రని ఒక అఫిడవిట్ కొట్టు. ఎవడొచ్చి నలభైమందిని అడుగుతడు?” అన్నాడు. ఇందులో చట్టం ఉంది. గోప్యంగా ఉంచుతామన్న షరతు మీద చూసినవారు జనం కింద లెక్కకు రారు. ఇబ్బంది ఒక్కటే. పులిహోర తిన్నవారెవరూ అలాంటి మాట ఇవ్వలేదు. నామాలు చదివిన నోటితో ఆ ప్రమాణ పత్రం మీద నేను సంతకం చేయలేనని, చేయించలేనని అతనికీ, సమ్మయ్యకూ చెప్పాను.

“సంతకం నాది గద సారూ. పాపం నాకే తగులనియ్యి,” అన్నాడు సమ్మయ్య.

దేవుడి ముందు జరిగినదాన్ని జరగలేదని రాయడానికి నేను తోడుండనని, కావాలంటే ఫైలు మొత్తం ఇచ్చేస్తాను, వేరే ఏజెంటు దగ్గరికి వెళ్లవచ్చని అన్నాను. అతను ఫైలు తీసుకోలేదు, ఉంచమనీ అనలేదు. బల్లమీద వదిలి వెళ్లాడు.

రెండు రోజుల తర్వాత ఎల్లయ్యను వెంటబెట్టుకుని వచ్చాడు. నిర్ణయం ఎల్లయ్యే చెప్పాడు. “ఏం గోప్యం సారూ? ఆ సదానందంగాడు ఎక్కిచ్చినంక ఎక్కడెక్కడి ఊర్లోళ్లో గూడ ఫోన్ జేసి అడిగిండ్రు. ఏ సంగతి ఉన్నదో గదే రాయుండ్రి. అబద్ధమాడి వట్టువడ్తే నా బామ్మర్ది పెద్ద దొంగైతడు, నా ఏళ్లేమొ రావు.” సమ్మయ్య తల దించుకుని, “గట్లనే కానియ్యుండ్రి” అన్నాడు.

ఉన్నది రాయాలంటే ఉన్నది పూర్తిగా తెలియాలి. ఆ వీడియోను మొదటిసారి నా తప్పు కోసమే చూశాను. ఈసారి కాగితం, కలం పెట్టుకుని చూశాను. ముప్పై నాలుగో నిమిషంలో, హారతి అయిపోయాక, కొమురమ్మ ప్రశ్న స్పష్టంగా వినిపించింది. సమ్మయ్య జవాబు అంతకంటే స్పష్టంగా ఉంది. తలుపు మీట ఆ రోజు నలుగురిలో పడింది, నిజమే. గాలికి తలుపు మూసుకుంటే ఏం చేయాలన్నది మాత్రం ఆ రోజుకు అతనికే తెలియదు. ఆ సంగతి అతని నోటితోనే రికార్డయింది, దాన్ని దాఖలు చేసింది ఎదుటి కంపెనీ.

సాక్షి, ఏజెంటు ఒకరే కాకూడదన్నది మా వృత్తి మర్యాద. అందుకని వాదన హైదరాబాదు మిత్రుడికి అప్పగించి, నేను ప్రమాణ పత్రం ఇచ్చాను. పూజ జరిగిన తేదీ, వచ్చినవారు, తలుపు ఎందుకు తెరిచారు, ఏం చూపించారు, ఎవరు ఏం అడిగారు అన్నీ రాశాను. మొదటి క్లెయిమును వదులుకుంటున్నామని, మూడోదాన్ని మొదటి స్థానంలోకి తెస్తున్నామని సవరణ వేశాం. మిత్రుడు విసుక్కున్నాడు గాని వేశాడు.

విచారణ 2022లో వీడియో ద్వారా జరిగింది. చెన్నైలో కంట్రోలర్, అంటే నిర్ణయాధికారి, ఒకవైపు. కంపెనీ న్యాయవాది ఇంకోవైపు. సమ్మయ్య నా పక్కన ఇస్త్రీ చొక్కాతో కూర్చున్నాడు. కంపెనీ న్యాయవాది పూజ వీడియో వేశాడు. కంట్రోలర్ కాసేపు విని, ఆ చదువుతున్న వ్యక్తి ఎవరని అడిగారు. నేనేనని చెప్పాను. ఆయన రాసుకున్నారు.

ఎర్రబొత్తాం ఎవరికైనా తట్టేదేనని ఎదుటివారు వాదించారు. నలభైమంది మధ్య, ఇరవై ఏళ్లుగా మోటార్లు బాగుచేస్తున్న మనిషికే ఆ పూట తట్టలేదని మా మిత్రుడు చూపించాడు. ఆ వాదన ఎంత పనిచేసిందో నాకు తెలియదు. ఉత్తర్వులో కంట్రోలర్ దాన్ని ప్రస్తావించలేదు. అలాంటి అమరిక ఎదుటివారు చూపిన పత్రాలు దేనిలోనూ లేదని మాత్రం రాశారు. మొదటి క్లెయిము తొలగించి, మిగిలినదానికి పేటెంటు ఇచ్చారు.

తలుపు మీట ఇప్పుడు అందరిదీ. ఆ కంపెనీ తన డబ్బాల్లో దాన్ని పెట్టి అమ్ముతోంది. ఎర్రబొత్తాం సమ్మయ్యది. పేటెంటు కాగితం తీసుకోవడానికి బావాబామ్మర్దులిద్దరూ వచ్చిన రోజు, “సగం ఆళ్లకే వాయె,” అన్నాడు సమ్మయ్య.

“పోనియ్యరా. ఆళ్ల డబ్బల్ల గూడ ఒక తాళమన్న వడ్డది,” అన్నాడు ఎల్లయ్య. తర్వాత నా వైపు తిరిగి, వచ్చే దసరాకు కూడా నన్నే పిలుస్తామని, ఈసారి డబ్బా తలుపు తెరవకుండా పూజ చేద్దామని అన్నాడు. వెళ్లాను.

ఆ తర్వాత మా కేంద్రంలో ఆవిష్కర్తలు నింపే మొదటి పత్రంలో ఒక గడి చేర్చాను. ఈ వస్తువుకు పూజ జరిగిందా. జరిగితే తేదీ, వచ్చినవారు, వీడియో తీసినవారు. ఇతర మతాలవారి కోసం ప్రార్థన, ఫాతెహా అని కూడా చేర్చాను. నింపినవారిలో చాలామంది ఆ గడి దగ్గర ఆగి ఆలోచించేవారు. కొందరు కాగితం అక్కడే పెట్టి ఇంటికి ఫోన్ చేసేవారు.

నేను రిటైరయ్యేలోగా ఈ విషయంలో తేల్చుకున్నది ఇది. మనవాళ్లు కొత్త యంత్రాన్ని పూజ చేయకుండా వాడరు, వాడమని నేనూ చెప్పను. చట్టం భక్తిని చూడదు, తేదీని చూస్తుంది. తాత్కాలిక వివరణ అని ఒక చిన్న దరఖాస్తు ఉంటుంది. పూర్తి పత్రాలు ఏడాదిలోగా ఇవ్వవచ్చు, తేదీ మాత్రం ఆ రోజు నుంచే లెక్క. అది వేయడానికి గంట పడుతుంది. ఆ దసరాకు ముందురోజు సమ్మయ్య తలుపు మీట బొమ్మలన్నీ నా బల్లమీదే ఉన్నాయి. ఆ మధ్యాహ్నం నేను పట్టుపంచె ఇస్త్రీకి ఇవ్వడానికి వెళ్లాను.