పరిశీలనీయం

ఏడో తరగతితో నా బడి ఆగిపోయింది. మిగతా చదువంతా మా ఊరి శాఖా గ్రంథాలయంలో, కిటికీ పక్కన కుంటి బల్ల దగ్గర సాగింది. వ్యాకరణం, చరిత్ర, ఉపన్యాసాలు, ఏది దొరికితే అది చదివాను. కొత్త పదం కనిపిస్తే కాగితం మీద రాసి జేబులో పెట్టుకునేవాణ్ని. మర్నాటికల్లా ఎవరో ఒకరి మీద ప్రయోగించేవాణ్ని. అందుకు ఇప్పటికీ సిగ్గుపడను, ఒక్క పదం విషయంలో తప్ప.

నేనూ మా బావా ఒకే కార్ఖానాలో సాంచాలు నడిపేవాళ్లం. మా కరీంనగర్ వైపు మరమగ్గాన్ని సాంచ అంటారు. బావ మా అక్క భర్త. నాకు పని నేర్పింది ఆయనే. రాత్రి షిఫ్టు నాది, పగటి షిఫ్టు ఆయనది, సాంచాలు మాత్రం ఇద్దరికీ అవే నాలుగు. పొద్దున ఎనిమిదింటికి నేను దిగితే ఆయన ఎక్కేవాడు.

మోతలో అక్కడ మాట వినబడదు. అందుకని దిగేవాడు పావుగంట ఆగి, ఎక్కేవాణ్ని ఒక్కో సాంచ దగ్గరికి తీసుకెళ్లి, ఎక్కడ పోగు తెగుతోందో, ఏది సతాయిస్తోందో వేలితో చూపించి, చెవిలో అరిచి చెప్పాలి. నాకది మోటుగా తోచింది. పనిచోట నోటిమాట కన్నా రాత నమ్మకమైనదని ఎక్కడో చదివి, ఒక పలక కొని సాంచాల పక్కన గుంజకు వేలాడదీశాను.

"పంతులు పలక వట్టిండు. ఇగ మనకు పరీక్షలు వెడ్తడు" అన్నాడు పక్క సాంచాలు నడిపే ఆయన.

బావ నవ్వాడు. "పెట్టనియ్. మా బామ్మర్ది రాసుడంటె ముత్యాలే."

ఒక పొద్దున నాలుగో సాంచలో నాడె సరిగా నడవడం లేదు. నూలు కండెను కడుపులో పెట్టుకుని ఇటు నుంచి అటు దూసుకుపోయే చెక్క అది, రెండు కొసలకూ ఇనుప మొనలుంటాయి. ప్రతిసారీ వచ్చి ఆగాల్సిన పెట్టెలో కుదురుగా కూర్చోకుండా కొట్టుకుంటోంది. సాంచ ఆపి, బాగుచేసే మనిషిని పిలవాల్సిన పని. నేను పలక మీద "నాలుగో సాంచ: నాడె గమనం పరిశీలనీయం" అని రాశాను. చూడవలసి ఉంది అని నా భావం. బావ గుమ్మంలోకి రాగానే పలక వైపు చెయ్యి చూపి వెళ్లిపోయాను.

గంటకల్లా ఫోన్ వచ్చింది. నాడె ఎగిరి బావ ఎడమ కంటి కింద తగిలింది.

కరీంనగర్ దవాఖానాలో ఆయన సగం మొహానికి కట్టు కట్టి ఉంది. పక్కన అక్క కూర్చుని ఉంది. నొప్పి ఎట్లా ఉందని నేను అడగలేదు. నా నోట్లోంచి వచ్చిన మొదటి మాట, "పలక మీద రాసిన గద బావా?"

"చూసిన" అన్నాడు బావ. "పరిశీలన అయిందని రాసినవు. నువ్వు చూసినవంటె ఇగ నాకేం ఫికరని నడిపిన."

"అయితె పరిశీలితం అని రాస్తరు బావా. నేను రాసింది పరిశీలనీయం. రెండు వేరు."

అక్క లేచి నిలబడింది. "కన్ను ఉంటదో పోతదో అని నేను ఏడుస్తుంటె, గిప్పుడు సదువు జెప్తున్నవారా? 'సాంచ మంచిగ లేదు, నడుపకు' అనెతందుకు నీకు నోరు రాలే?"

కన్ను దక్కింది. చూపు మాత్రం మసకబారింది. సన్న పోగు తెగితే ఆ కంటికి ఆనదు. పోగు ఆనకపోతే సాంచ మీద బతికేదెట్లా? అక్క నా ఫోన్ ఎత్తడం మానేసింది. కార్ఖానాలో ఎవరు అడిగినా, "నేను రాసిన, ఆయన తప్పు సదివిండు" అనేవాణ్ని. అది నిజమే. నిజం కాబట్టే చెప్పిందే చెబుతూ పోయాను.

చెప్పనిది ఇంకొకటి ఉంది. గ్రంథాలయం ఎనిమిదింటికి తెరుస్తారు. పావుగంట ఆలస్యమైతే పేపర్లన్నీ ఎవరో ఒకరి చేతుల్లో ఉంటాయి. ఆ పావుగంట కోసమే నేను పలక కొన్నాను. ఎక్కడో చదివిన మాట ఆ తర్వాత దానికి తొడిగిన అంగీ.

నెల దాటాక అక్క ఇంటికి వెళ్లాను. అక్క చాటలో ఆకులు పెట్టుకుని బీడీలు చుడుతోంది, తల ఎత్తలేదు. బావ మంచం మీద కూర్చుని ఉన్నాడు.

"పలక నీ కోసం గాదు బావా" అన్నాను. "పేపర్ల కోసం. నిలవడి చెప్పెతందుకు నాకు ఓపిక లేక గట్ల రాసిపెట్టి పోయిన."

అక్క చేతిలో కత్తెర ఆగింది. "పేపర్ల కోసమా?"

 చెప్పేస్తే నా బరువు దిగుతుందనీ, అక్క మనసు కొంత మెత్తబడుతుందనీ అనుకుని వెళ్లాను. ఆమె మొహం ఇంకా గట్టిపడింది. అప్పటిదాకా ఆమె లెక్కలో నేను చదువు పిచ్చి ఉన్న తమ్ముణ్ని. ఇప్పుడు ఇంకెవరినో.

"గీ ముచ్చట దవాఖానలనే జెప్తె అయిపోతుండె" అన్నాడు బావ. మంచం మీద కొంచెం జరిగి, "చాయ్ తాగి పో" అన్నాడు.

తర్వాత ఆయన మళ్లీ పనిలోకి వచ్చాడు, రెండు సాంచాలకే. ఇప్పుడు నేను దిగే ముందు ఆయన కుడి చెవి దగ్గర అరిచి చెబుతాను. "మొదటిది మంచిగున్నది! రెండోది నడుపకు, తోలు పట్ట తెగేటట్టున్నది!" ఆయన తల ఊపుతాడు. ఊపి, నేను మంచిగుందన్న సాంచను కూడా ఆపేసి, నాడె తీసి మొనలు తడిమి, పెట్టెలో వేలు పెట్టి కదిలించి చూస్తాడు. రోజూ అంతే.

ఒకరోజు ఉండబట్టలేక అడిగాను. "నా మాట మీద నమ్మకం లేదా బావా?"

"నీ మీద ఉన్నది. ఇనుము మీద లేదు" అన్నాడు, నా వైపు చూడకుండా.

నన్ను నొప్పించకూడదని అన్నాడో, నిజంగానే అన్నాడో నాకు తెలియలేదు. మళ్లీ అడగలేదు. ఆయన రెండు సాంచాలూ తడిమి చూసుకునేదాకా పక్కనే నిలబడి ఉంటాను. ఉండమని ఆయన అనలేదు. పొమ్మని కూడా అనలేదు.